చేవ తెలిసి ధర కట్టండి

చెన్నై నుంచి నెల్లూరు వైపు సాగే జాతీయ రహదారి మీద, సూళ్ళూరుపేటకూ నాయుడుపేటకూ నడుమ ఉన్న ఊరు దొరవారిసత్రం. చలికాలంలో నేలపట్టు చెరువుకు వచ్చే గూడబాతులను చూడటానికి దూరప్రాంతాల వారు ఈ ఊరి మీదుగానే వెళతారు. మేము వెళ్ళింది పక్షుల కోసం కాదు, బంధువుల ఇంటి పరామర్శకు. జుహర్ నమాజు ముగించుకుని ఆ ఇంటికి చేరేసరికి వాకిట్లో ఒక చిన్న వ్యాను ఆగి ఉంది. వసారాలోని పాత రాతబల్లను ఒక వ్యాపారి వేళ్ళతో తట్టి చూస్తున్నాడు.

"వెయ్యిన్నర ఇస్తానమ్మా. చెక్క పుచ్చిపోయింది. ఇంకో ఏడాది ఆగితే పొయ్యిలోకి తప్ప దేనికీ రాదు" అంటున్నాడతను.

ఖాలా మా వైపు చూశారు. ఆమె భర్త మరణించి అప్పటికింకా ఏడాది కాలేదు. "ఏం చేద్దాం నాయనా, ఇచ్చేద్దామా?" అని అడిగారు.

మాకు వెంటనే జవాబు తోచలేదు. ఎందుకంటే కొన్నేళ్ళ కిందట సరిగ్గా ఇలాంటి మాటలే మా ఇంటి వాకిట్లోనూ వినిపించాయి. మా దాదా భోజనానికి కూర్చునే గుండ్రటి బల్లను "మామిడి చెక్క, చెదలు పట్టింది" అని ఒక కొనుగోలుదారు చెబితే నమ్మి 900 రూపాయలకు ఇచ్చివేశాం. ఆరు నెలల తరువాత నగరంలోని ఒక పాత సామాన్ల దుకాణంలో అదే బల్ల కనిపించింది. అంచున చిన్ననాడు మేము చాకుతో గీసిన గీత చెక్కుచెదరలేదు. దానికి వేలాడుతున్న చీటీ మీద 28,000 రూపాయలని రాసి ఉంది. అది మామిడి కాదు, చేవదేలిన టేకు. మమ్మల్ని మోసగించింది అతని అబద్ధం ఒక్కటే కాదు, మా తెలియనితనం కూడా.

అందువల్ల ఖాలాతో, "ఈ రోజు వద్దు. పది రోజులు గడువు అడగండి" అన్నాం. ఆ పది రోజుల్లో మేము చూసినవి, ఊరి వడ్రంగి ఆచారి గారిని అడిగి తెలుసుకున్నవి, లెక్క వేసినవి పాఠకులతో పంచుకోవాలనిపించింది. ఇలాంటి బల్ల చాలా ఇళ్ళలో ఏదో ఒక మూల ఉండే ఉంటుంది.

ఈ బల్లలు ఎక్కడివి?

1940 నుంచి 1970 దాకా తయారైన చెక్క సామానుకు నేడు నగరాల్లో గిరాకీ ఉంది. మన తీరప్రాంతపు ఇళ్ళలో ఇలాంటివి దొరకడానికి కారణం చరిత్రలోనే ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో భాగం. దొరవారిసత్రం నుంచి మద్రాసు సుమారు 100 కిలోమీటర్లు. అక్కడికి నేరుగా రైలు ఉంది. ఉద్యోగం, వైద్యం, వ్యాపారం, పెళ్ళి సామాను, అన్నింటికీ ఆ నగరమే దిక్కు. వెళ్ళినవారు వస్తూ వస్తూ మంచి బల్లనో, అలమారానో రైల్లో వేయించుకుని తెచ్చుకునేవారు. మిగిలినవి ఊరి వడ్రంగులు ఇంటి కల్లంలోనే కూర్చుని చేసినవి.

ఈ ప్రాంతంలో ముఖ్యంగా నాలుగు రకాలు కనిపిస్తాయి. మొదటిది సొరుగులున్న రాతబల్ల. రెండవది గుండ్రటి లేదా పలకల భోజనాల బల్ల. మూడవది నేల మీద కూర్చుని రాసుకునే ఏటవాలు మూత పెట్టె. కరణాలు, వ్యాపారులు, పాతకాలపు మునీములు వాడినది. 1984లో కరణం పదవులు రద్దయిన తరువాత ఇవి చాలా ఇళ్ళలో అటకెక్కాయి. నాలుగవది టీపాయి. దీనికీ తేనీటికీ సంబంధం లేదు. తీన్, పాయా అనే మాటల కలయిక అది. మూడు కాళ్ళది అని అర్థం.

ఆకారాన్ని బట్టి కాలాన్ని స్థూలంగా ఊహించవచ్చు. మూలలు గుండ్రంగా తిప్పి, అంచుల వెంట రెండు మూడు సమాంతర గీతలు చెక్కి, కాళ్ళు బరువుగా ఉంటే 1940లు, 1950ల తరహా. కాళ్ళు కిందికి పోనుపోను సన్నబడి, కొద్దిగా బయటికి వాలి, చివర ఇత్తడి తొడుగులు ఉంటే 1960ల తరహా. అయితే ఒక ఊరి వడ్రంగి పాత నమూనానే ముప్పై ఏళ్ళు చేస్తూ ఉండవచ్చు. కాబట్టి ఆకారం ఒక సాక్షి మాత్రమే. తీర్పు చెప్పడానికి ఇతర సాక్షులు కావాలి.

ఈ కాలపు సామాను విలువ తెలియక దేశం మొత్తం ఎంత నష్టపోగలదో చెప్పడానికి చండీగఢ్ ఉదంతం ఒక్కటి చాలు. 1950లలో ఆ నగరాన్ని నిర్మించినప్పుడు కార్యాలయాలకూ, విశ్వవిద్యాలయానికీ, న్యాయస్థానానికీ కావలసిన బల్లలు, కుర్చీల నమూనాలను పియరీ జనెరే అనే వాస్తుశిల్పి, ఆయన సహచరులు రూపొందించారు. స్థానిక కార్మికులు వాటిని ఎక్కువగా టేకుతో చేశారు. కాలక్రమంలో అవి విరిగి మూలపడ్డాయి. ప్రభుత్వ శాఖలు తుక్కు కింద వేలం వేశాయి. విదేశీ వర్తకులు వాటిని చౌకగా కొని, బాగుచేయించి, పారిస్, లండన్, న్యూయార్క్ వేలంశాలల్లో లక్షల రూపాయలకు అమ్ముకున్నారు. 2011లో కేంద్ర హోంశాఖ మిగిలినవాటిని కాపాడమని ఆదేశించే నాటికి ఎన్నో సముద్రాలు దాటిపోయాయి. అమ్మినవారికి తమ చేతిలో ఉన్నదేమిటో తెలియదు. కొన్నవారికి తెలుసు. మా దాదా బల్ల విషయంలో జరిగింది కూడా అదే.

చెక్కను గుర్తించడం

బల్లకు పైభాగం ముఖం వంటిది. రంగు, పాలిషు పూసి ఎలాగైనా చూపించవచ్చు. నిజం అడుగున ఉంటుంది. బల్లను దుప్పటి మీద జాగ్రత్తగా బోర్లించి, పగటి వెలుతురులో చూడాలి. సొరుగులను పూర్తిగా బయటికి లాగి వెనుక భాగం చూడాలి. అక్కడ సాధారణంగా పాలిషు ఉండదు కనుక చెక్క తన అసలు రంగులో కనిపిస్తుంది.

టేకు బంగారు వన్నె కలిసిన గోధుమ రంగులో ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ముదురుతుంది. వేలితో రాస్తే సన్నని నూనె జిగురు తగిలినట్టుంటుంది. కనబడని చోట ఉలి అంచుతో కొద్దిగా గీస్తే తోలును తలపించే వాసన వస్తుంది. రోజ్‌వుడ్‌ను మనవాళ్ళు ఇరుగుడు, జిట్రేగి అంటారు. అది ఊదా రంగు కలిసిన ముదురు గోధుమ వన్నెలో నల్లని చారలతో, టేకు కంటే బరువుగా ఉంటుంది. పనస చెక్క మొదట పసుపుగా ఉండి కాలంతో ముదురు గోధుమగా మారుతుంది. దాన్ని టేకు అని పొరబడటం సులువు. మామిడి తేలికగా, పాలిపోయినట్టు ఉంటుంది. పుచ్చు త్వరగా పడుతుంది.

చెక్క పేరు తెలిసినంత మాత్రాన సరిపోదు. చెట్టు నడిమి భాగమైన చేవ ఎంత, బెరడును ఆనుకున్న తెల్లచెక్క ఎంత అని చూడాలి. టేకు చేవకు చెదలు అంత తేలికగా పట్టవు. తెల్లచెక్కకు అదే చెట్టుదైనా రక్షణ లేదు. ఖాలా ఇంటి బల్లలో వ్యాపారి చూపిన పుచ్చు వెనుక కాలి లోపలి అంచున ఉన్న రెండు వేళ్ళ మందం తెల్లచెక్కలోనే ఉంది. చేవలోకి ఒక్క రంధ్రమూ పోలేదు. పైగా రంధ్రాల కింద తాజా పొడి లేదు; ఆ పురుగు ఎప్పుడో చచ్చింది. ఆచారి గారు ఉలి మొనతో గుచ్చి చూపించి నవ్వారు.

తరువాత చూడవలసింది పలక గట్టిదా, పొర అతికించినదా అన్నది. పైన కనబడే రేఖలు అంచు దగ్గర కిందికి తిరిగి కొనసాగుతుంటే అది గట్టి చెక్క. అంచులో పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్. 1960లలో సన్‌మైకా అతికించిన బల్లలు ఎన్నో వచ్చాయి. కొన్ని ఇళ్ళలో మంచి టేకు పలక మీదే దాన్ని అతికించారు. అడుగు నుంచి చూస్తే తప్ప ఆ సంగతి తెలియదు. పలక ఒకే ముక్కలో ఎంత వెడల్పు ఉందో కూడా కొలవాలి. అడుగున్నర దాటిన ఏకపలక ఉంటే అది పెద్ద వృక్షం నుంచి తీసినది. అలాంటి చెట్లు నేడు అరుదు.

ఒక హెచ్చరిక. అమ్మేవారందరూ తమ బల్లను "బర్మా టేకు" అంటారు. బర్మా నుంచి మద్రాసు రేవుకు టేకు దిగుమతి అయ్యేది నిజమే. కానీ 1942లో ఆ దేశం జపాను సైన్యాల చేతికి చిక్కడంతో ఆ రాక ఆగిపోయింది. యుద్ధకాలంలోనూ ఆ తరువాతా చేసిన బల్లల్లో గోదావరి అడవుల టేకు, మలబారు టేకు కూడా ఉన్నాయి. పాలిషు పట్టిన పలకను కంటితో చూసి అది ఏ దేశపు టేకో చెప్పడం నిపుణులకూ కష్టం. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పకుండా "టేకు" అని ఊరుకోవడం మేలు.

కీళ్ళు చెప్పే సాక్ష్యం

కాలు పలకతో కలిసే చోట పాత వడ్రంగి మేకు కొట్టడు. ఒక కర్రకు నాలుక తీసి, రెండవ కర్రకు బెజ్జం తొలిచి, నాలుకను అందులో దిగగొడతాడు. ఆ నాలుకను కుసి అంటారు. అది జారకుండా అడ్డంగా ఒక వెదురు సీల బిగిస్తాడు. చెక్క ఆరి కుదించుకుపోయాక ఆ సీల తల చర్మం మీది గింజలా కొద్దిగా పైకి పొడుచుకు వస్తుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. సొరుగు ముందు పలక, పక్క పలక కలిసే మూలలో విసనకర్ర ఆకారపు పళ్ళు ఒకదానిలో ఒకటి చొచ్చుకుని ఉంటాయి. చేతితో కోసినవైతే ఆ పళ్ళు అన్నీ ఒకే కొలతలో ఉండవు. యంత్రం కోసినవి అచ్చు గుద్దినట్టు ఉంటాయి.

అతికించిన జిగురూ మాట్లాడుతుంది. పూర్వం ఎముకలు, తోళ్ళు మరిగించి తీసిన సరేసు వాడేవారు. అది ఎండి ముదురు రంగులో, పెళుసుగా ఉంటుంది. వేడినీటి తడి తగిలితే మెత్తబడుతుంది. ఫెవికాల్ మన మార్కెట్లోకి వచ్చింది 1959లో. కీలు చుట్టూ అలాంటి జిగురు కనిపిస్తే బల్ల అంతకు తరువాతిదైనా కావాలి, లేదా తరువాత మరమ్మతు చేసినదైనా కావాలి.

గుండ్రటి బల్లకు ఇంకొక చక్కని పరీక్ష ఉంది. చెక్క రేఖల వెంట దాదాపు కుదించుకోదు. రేఖలకు అడ్డంగా కుదించుకుంటుంది. కాబట్టి గట్టిచెక్కతో చేసిన పాత గుండ్రటి పలకను టేపుతో రెండు వైపులా కొలిస్తే, అడ్డం కొలత నిలువు కొలత కంటే కాస్త తక్కువ వస్తుంది. నిన్న మొన్న చేసిన నకలులో ఈ తేడా కనిపించదు.

తేదీ చెప్పే గుర్తులు

పాత బల్లలకు పుట్టినరోజు రాసి ఉండదు గానీ, చుట్టూ వెతికితే ఆధారాలు దొరుకుతాయి.

కొలతలు చూడండి. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది 1956లో. ఆ పద్ధతి ఆ తరువాతి సంవత్సరాల్లో క్రమంగా అమలైంది. 48 అంగుళాలు, 30 అంగుళాలు వంటి నిండు అంకెలు వస్తే పాతకాలపు గజంబద్ద వాడినట్టు. వడ్రంగులు ఈనాటికీ అంగుళాల్లో కొలుస్తారు కనుక ఇది బలహీనమైన సాక్ష్యమే.

స్క్రూలు చూడండి. తల మీద ఒకే గాడి ఉన్నవి పాతవి. ప్లస్ గుర్తు తల ఉన్నవి 1930లలో అమెరికాలో పుట్టి, మన పల్లెలకు చాలా ఆలస్యంగా చేరాయి. పాత బల్లకు అలాంటివి ఉంటే అక్కడ ఎవరో మరమ్మతు చేశారన్న మాట.

చీటీలు, రాతలు చూడండి. దుకాణం చీటీలో పిన్‌కోడు ఉంటే అది 1972 ఆగస్టు 15 తరువాతిది. "మద్రాసు" అని ఉంటే 1996కు ముందుది కావచ్చు. అడుగున ఎం. అండ్ ఎస్.ఎం. రైల్వే ముద్ర ఉంటే అది మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే వారి సామాను. దొరవారిసత్రం మీదుగా పోయే రైలుమార్గం ఆ సంస్థదే; 1951 ఏప్రిల్‌లో అది దక్షిణ రైల్వేలో కలిసిపోయింది. ఇలాంటి ప్రభుత్వ ముద్ర ఉన్నప్పుడు ఆ వస్తువు ఇంటికి ఎలా వచ్చిందో, వేలం రశీదు ఉందో లేదో ముందు తెలుసుకోవాలి. ముద్ర విలువను పెంచగలదు. రశీదు లేకపోతే అనుమానాన్నీ పెంచగలదు.

ఖాలా ఇంటి బల్ల కుడి సొరుగు అడుగున పెన్సిలుతో రాసిన అంకెలు దొరికాయి: 85–8–0. ఎనభై అయిదు రూపాయల ఎనిమిది అణాలు. దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. కాబట్టి ఆ బల్ల అంతకు ముందుదో, అణాలూ నయాపైసలూ కలిసి నడిచిన ఆ సంధికాలానిదో. ఆ అంకెలు చూసినప్పుడు ఖాలా, "మా మామగారి చేతిరాత అది. కొన్న ప్రతి వస్తువు మీద ధర రాసుకునేవారు" అన్నారు. అంతవరకూ మాటగా ఉన్న చరిత్ర ఆధారంగా మారింది.

కల్పించిన పాతదనం

గిరాకీ పెరిగిన చోట నకలు పుట్టడం సహజం. కొత్త చెక్కకు టీ డికాక్షను పూసి రంగు తెప్పిస్తారు. గొలుసులతో కొట్టి గాట్లు పెడతారు. పుచ్చు రంధ్రాలు సూదితో పొడుస్తారు. నిజమైన అరుగుదలకు కారణం ఉంటుంది. కాళ్ళు ఆనించుకునే అడ్డకర్ర మధ్యలో అరుగుతుంది, చివరల్లో కాదు. సొరుగు జారే దారి నున్నబడుతుంది. మోచేతులు ఆనే అంచున పాలిషు పోతుంది. మనిషి చేయీ కాలూ తగలని చోట కూడా సమానంగా అరిగి ఉంటే అనుమానించాలి. పురుగు తొలిచిన దారి వంకరగా లోపలికి పోతుంది; సూది రంధ్రం నిటారుగా ఉంటుంది.

ఒక బల్ల పలకను ఇంకో బల్ల కాళ్ళ మీద కూర్చోబెట్టడం కూడా మామూలే. అడుగున వాడుకలో లేని స్క్రూ రంధ్రాలు, రంగు తేడా ఉన్న మచ్చలు కనిపిస్తే అది జోడించిన బల్ల. దానికి ధర ఉండదని కాదు. కానీ అసలుదని చెప్పి అమ్మడం తప్పు.

అమ్మకానికి ముందు మనవాళ్ళు చేసే పెద్ద పొరపాటు ఇంకొకటి ఉంది. "కాస్త మెరుస్తే ఎక్కువ ఇస్తారు" అని గరుకు కాగితంతో రుద్ది, మెరుగునూనె కొట్టిస్తారు. దశాబ్దాలుగా చెక్క మీద ఏర్పడిన వన్నె ఆ ఒక్క పూటలో పోతుంది; తెలిసిన కొనుగోలుదారు ధర తగ్గిస్తాడు. కాస్టిక్ సోడా వంటి ఘాటు ద్రావణాలతో కడిగితే చెక్క నల్లబడుతుంది. మెత్తని పొడిబట్టతో దుమ్ము తుడిచి, ఊగే కీలు ఒక్కటి బిగించి వదిలితే చాలు. పాత పాలిషు లక్కదా కాదా అని తెలుసుకోవాలంటే కనబడని చోట ఒక చుక్క స్పిరిటు వేసి చూడాలి. లక్క అయితే జిగటగా మెత్తబడుతుంది. అలాంటి పాలిషును నేర్పరి చేతనే బాగుచేయించాలి.

ధర కట్టే లెక్క

పాత బల్లకు మూడు ధరలుంటాయి. చెక్క ధర కింది హద్దు. అలాంటిది కొత్తగా చేయించడానికి అయ్యే ఖర్చు పై హద్దు. ఈ రెండింటి నడుమ బేరం జరుగుతుంది. కాలానికి, చేతిపనికి, పేరుకు తిరుగులేని ఆధారం ఉన్నప్పుడు మాత్రమే పై హద్దు దాటుతుంది.

ఖాలా ఇంటి బల్లనే తీసుకుందాం. పలక 4 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, అంగుళం మందం: 0.83 ఘనపుటడుగు. కాళ్ళు నాలుగు, ఒక్కొక్కటి రెండున్నర అడుగుల ఎత్తు, 3 అంగుళాల చదరం: మొత్తం 0.62. పలక కింది నాలుగు పట్టీలు కలిపి 0.30. మొత్తం 1.75, సొరుగులతో కలిపితే సుమారు 2 ఘనపుటడుగులు. ఇంటికి పాత తలుపులు, దూలాలు కొనే డిపోలో పాత టేకు ఘనపుటడుగు ఎంతో అడగాలి. లెక్క చూపడానికి 3,000 రూపాయలు అనుకుందాం. అప్పుడు విరగ్గొట్టి అమ్మినా చెక్క విలువ 6,000 రూపాయలు. వ్యాపారి ఇస్తానన్నది 1,500.

ఇప్పుడు పై హద్దు. కొత్తది చేయాలంటే కోతలో పోయే వృథాతో రెండున్నర ఘనపుటడుగులు కావాలి. కొత్త టేకు 5,000 అనుకుంటే 12,500, కూలి 8,000, పాలిషు 3,000, వెరసి 23,500. ఇందులోంచి పుచ్చిన అంచు మార్చి కీళ్ళు బిగించడానికి 3,500 తీసివేస్తే 20,000. వ్యాపారికి రవాణా ఉంది, దుకాణం అద్దె ఉంది, సరుకు అమ్ముడుపోయే దాకా ఎదురుచూపు ఉంది. అతని లాభం ధర్మమైనదే. దానికి 4,000 వదిలితే ఇంటి దగ్గర అడగదగిన ధర 16,000 రూపాయలు. రేట్లు ఊరూరికీ మారతాయి. ఎవరి ఊరి రేట్లు వారు వేసుకోవాలి. పద్ధతి మాత్రం ఇదే.

ధర విచారించేటప్పుడు చీటీ మీది అంకెను నమ్మకూడదు. అడిగిన ధర వేరు, అమ్ముడైన ధర వేరు. హైదరాబాదు జుమ్మేరాత్ బజారులోనో, తమిళనాడులోని కారైక్కుడి పాత సామాన్ల వీధిలోనో తిరిగినప్పుడు "ఎంత చెబుతున్నారు" అని కాదు, "ఇలాంటిది పోయినసారి ఎంతకు పోయింది" అని అడగాలి. కనీసం ముగ్గురిని అడగాలి. బల్ల ఫొటోలు అడుగు భాగంతో, సొరుగు మూలలతో, లోపాలతో సహా తీసి చూపించాలి.

చట్టం గీసిన గీతలు

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళాఖండాలు, హస్తకళా వస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి. ప్రైవేటు వ్యక్తులు వాటిని విదేశాలకు పంపడం నేరం. 1950ల బల్లకు ఆ ఆంక్ష లేదు. చండీగఢ్ సామాను అన్ని ఓడలెక్కగలిగింది కూడా అందుకే. రోజ్‌వుడ్ సంగతి వేరు. 2017 జనవరి నుంచి ఆ జాతి చెట్లన్నీ అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణలోకి వచ్చాయి. గల్ఫులో ఉన్న కొడుకుకు తాతగారి రోజ్‌వుడ్ బల్ల పంపాలనుకుంటే ముందుగా అనుమతి గురించి విచారించాలి. ఇక రాపూరు, వెంకటగిరి అడవులు దగ్గర ఉన్న ఈ ప్రాంతంలో చెక్క ఎర్రచందనమేమోనని ఏ మాత్రం అనుమానం వచ్చినా, అమ్మడానికి ముందే అటవీశాఖ వారిని సంప్రదించడం క్షేమం.

ధర అంటే హక్కు

ఇంతవరకు చెప్పింది లెక్క. దాని వెనుక ఉన్నది మనుషుల హక్కు.

ఖాలా భర్త తన తండ్రికి ఒక్కగానొక్క కొడుకు. బల్ల ఆయనకే దక్కింది. ఆయన తల్లిదండ్రులు ముందే గతించారు. ఆయన వెనుక భార్య, ఇద్దరు కొడుకులు, కావలిలో కాపురమున్న ఒక కూతురు ఉన్నారు. పొలం పంచుకున్నారు గానీ ఇంటి సామాను సంగతి ఎవరికీ తట్టలేదు. ఆస్తి కొద్దిదైనా గొప్పదైనా అందులో పురుషులకూ స్త్రీలకూ నిర్ణీత వాటా ఉందని సూరా అన్నిసా బోధిస్తోంది. బల్లకూ ఆ మాట వర్తిస్తుంది. అంత్యక్రియల ఖర్చులు, అప్పులు, వసీయత్ తీరిన తరువాత భార్యకు ఎనిమిదో వంతు. మిగిలినది కొడుక్కు రెండు, కూతురికి ఒకటి చొప్పున. 16,000లో ఖాలాకు 2,000, కొడుకులకు 5,600 చొప్పున, కూతురికి 2,800. వ్యాపారి చెప్పిన 1,500కు ఇచ్చి ఉంటే ఆ కూతురికి దక్కేది 262 రూపాయలు. అది కూడా ఎవరికైనా గుర్తొస్తేనే. వాకిట్లో నిలబడి ఒక్క మాటతో ఒప్పుకున్న ధర, అక్కడ లేని ఆడబిడ్డ హక్కును కోసివేసేది.

కొనేవారికీ బాధ్యత ఉంది. పల్లెల నుంచి సరుకు తెచ్చే బిడారులకు ఊరి బయటే ఎదురెళ్ళి, సంతలోని ధర వారికి తెలియకముందే కొనివేయడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. అలా అమ్మినవాడు సంతకు చేరి అసలు ధర తెలుసుకుంటే బేరం రద్దు చేసుకునే హక్కు అతనికి ఉందని సహీహ్ ముస్లిం హదీసు చెబుతోంది. వ్యానులో పల్లె పల్లెకూ తిరిగి పాత సామాను కొనే వృత్తి తప్పు కాదు. ధర తెలియనితనాన్నే పెట్టుబడిగా చేసుకోవడం తప్పు. సహాబీ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఉదంతం ఇందుకు ఆదర్శం. ఆయన సేవకుడు 300 దిర్హములకు ఒక గుర్రం బేరం కుదుర్చుకుని వస్తే, గుర్రం అంతకంటే విలువైనదని గ్రహించిన జరీర్ (రజి) అమ్మినవాడితో తానే ధర పెంచుతూ పోయి, చివరికి 800 చెల్లించారు. తోటి ముస్లిముల మేలు కోరతానని ప్రవక్త (స) చేతిలో చేయి వేసి చేసిన ప్రమాణమే అందుకు కారణమని వివరించారు.

అమ్మేవారికీ అదే తూకం. ధాన్యపు రాశి పైన పొడిగా ఉండి లోపల తడిసి ఉండటాన్ని చేయి పెట్టి చూసిన ప్రవక్త (స), తడిసినదాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆ వర్తకుణ్ణి నిలదీశారు. మన బల్ల విషయంలో ఆ తడి ధాన్యం పుచ్చిన కాలు, అతికించిన పలక, మార్చిన సొరుగు. వాటిని దాచకుండా ముందే చూపించాలి. తెలిసినవారి చేత దొంగ పాట పాడించి ధర పెంచడం కూడా నిషిద్ధమే.

పది రోజులు గడిచాక ఆ వ్యాపారి మళ్ళీ వచ్చాడు. ఖాలా పెద్దకొడుకు అతన్ని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, బల్లను బోర్లించి చూపించాడు. పుచ్చిన అంచును తానే ముందు చూపించాడు. తరువాత కొలతలు, లెక్క కాగితం ముందు పెట్టాడు. వ్యాపారి కాసేపు కాగితం చూసి, "పన్నెండు వేలు ఇస్తాను భాయ్, అంతకు మించితే నాకు గిట్టదు" అన్నాడు. పది రోజుల్లో అదే బల్ల ధర ఎనిమిది రెట్లయింది. చెక్కలో మార్పేమీ లేదు, తెలియనితనం తొలగింది, అంతే.

బేరం మాత్రం కుదరలేదు. కావలి నుంచి కూతురు ఫోను చేసి, "నానమ్మ నాకు అక్షరాలు దిద్దించింది ఆ బల్ల మీదే. నేను ఉంచుకుంటాను" అంది. 16,000గా ధర కట్టుకుని, తన వాటా పోను తల్లికి, అన్నలకు రావలసిన 13,200 రూపాయలు రెండు వాయిదాల్లో ఇచ్చింది. వ్యాపారికి టీతో పాటు రెండుసార్లు వచ్చినందుకు పెట్రోలు ఖర్చు ఇవ్వబోతే అతను వద్దన్నాడు. వెళుతూ వెళుతూ, "ఆ అంచు ఒక్కటి మార్పించుకోండమ్మా, ఇంకో అరవై ఏళ్ళు ఉంటుంది" అని ఖాలాతో చెప్పాడు.

ఈ సంచిక చదివిన తరువాత ఒకసారి మీ ఇంటి పాత బల్లను బోర్లించి చూడండి. టేకు కావచ్చు, మామిడి కావచ్చు. ఏదైనా సరే, దాని మీద ఎవరెవరికి హక్కుందో తెలుసుకుని, కొలిచి, ధర రాసి పెట్టండి. అమ్మేరోజు వచ్చినా, పంచుకునే రోజు వచ్చినా ఆ కాగితం ఇంట్లోవారందరికీ మేలు చేస్తుంది. కొలతలోనూ ధరలోనూ న్యాయం పాటించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక!